స్టీరింగుకి బావ పెట్టిన గ్రీజు

కంప్యూటర్లో కారు పందేలు ఆడుకునే స్టీరింగొకటి, ఎవరో వాడి వదిలేసింది, విశాఖలో కొనుక్కుని సాలూరు తెచ్చుకున్నాను. బల్ల అంచుకి బిగించుకునేది. కొన్నాళ్లు బుద్ధిగా తిరిగింది. తర్వాత ముట్టుకుంటే చాలు, కీచుమనడం మొదలెట్టింది.

పక్కింట్లోనే మా అక్కా బావా ఉండేవారు. బావ లారీ డ్రైవరు. ఆ అరుపు వినలేక లుంగీ ఎగ్గట్టుకుని వచ్చేశాడు.

"ఏటిరా అది, కుక్కపిల్ల తోక తొక్కినట్టు అరుస్తన్నాది?"

"లోపల పళ్లచక్రాలు ఎండిపోయినట్టున్నాయి బావా."

"గ్రీజెట్టకపోతే ఎండిపోవేటి?" అని లారీ గ్రీజు డబ్బా పట్టుకొచ్చాడు.

స్క్రూలు విప్పి మూత తీశాను. లోపలివి బొటనవేలంత చక్రాలు. చుక్క చాలన్నాను. చుక్కంటే ఏమిటో బావకి తెలీదు. అన్నప్రాశన నాడు చంటివాడికి పాయసం పెట్టినంత మురిపెంగా గుప్పెడు గ్రీజు కుక్కాడు.

మూత బిగించి ప్లగ్గు పెట్టాను. కరెంటు తగలగానే ఆ స్టీరింగు తనంతట తనే ఆ చివరికీ ఈ చివరికీ తిరిగి సరిచూసుకుంటుంది. ఆ సంగతి బావకి చెప్పలేదు. అది గిర్రున తిరిగేసరికి కుర్చీతో సహా వెనక్కి జరిగిపోయి, "ఒసే, నీ తమ్ముడు దీనికేదో సేయించినాడే!" అని అక్కని కేకేశాడు.

అరుపైతే పోయింది. కానీ తెరమీద కారు, నేనెటు తిప్పినా, ఎడమకే పోయి గోడని గుద్దుతోంది.

"ఎలైన్‌మెంటు పోయినాది," అన్నాడు బావ గంభీరంగా.

మళ్లీ విప్పాను. స్టీరింగు ఎంత తిరిగిందో కనిపెట్టే సన్నగీతల బిళ్ల ఒకటుంది. దాన్నిండా బావ గ్రీజే. అక్క వత్తులు చేసుకునే దూది తెచ్చిచ్చింది. నేను స్పిరిట్ అద్ది బిళ్ల తుడుస్తున్నంతసేపూ ఆవిడ బావని దులిపేసింది. ఈసారి గ్రీజు అగ్గిపుల్లతో నేనే రాశాను.

కారు తిన్నగా పోయింది. "నానోపాలి సూస్తాను," అని బావ కూర్చున్నాడు. పందెం మొదలైంది. వెనక వచ్చిన ప్రతి కారుకీ మర్యాదగా పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

"బావా, ఇది పందెం!"

"ఎల్లనీరా, ఆలకేటి కంగారో. మలుపులో ఎవుడైనా ఓవర్‌టేక్ సేస్తాడేటి?"

అందరికంటే ఆఖరున వచ్చి, బండికి గీత కూడా పడలేదని మురిసిపోయాడు.

మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కుర్చీలో బావే ఉన్నాడు. వెనక ఇద్దరు లారీ డ్రైవర్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్లకి ఘాట్‌రోడ్డు ఎలా దిగాలో చూపిస్తున్నాడు.