పిట్ట ముట్టని విస్తరి

రాష్ట్రం కొత్తగా వచ్చిన ఆ ఏళ్లలోనే నాకు పదవీ విరమణ కూడా వచ్చింది. ఉద్యోగం దిగిపోయిన తొలి సంవత్సరాలు మనిషికి రెండో పడుచుతనమని నా అభిప్రాయం. ఒంట్లో పని మిగిలి ఉంటుంది, చేతిలో పని ఉండదు, నోరు మాత్రం అధికారిగానే కొనసాగుతుంది. ఇబ్రహీంపట్నం మండలంలో వానలు, పంటలు, పశువులు లెక్కగట్టడమే నా కొలువు. తేదీ లేని మాటను, కొలత లేని వస్తువును నమ్మే అలవాటు నాకు లేదు. ఎవరైనా "మస్తు వాన కొట్టింది" అంటే "ఎన్ని మిల్లీమీటర్లు?" అని అడిగి, ఆ ఇంట్లో నాకోసం పెట్టిన చాయ్ చల్లారిపోయేదాకా జవాబు కోసం కూర్చునేవాణ్ణి. ఇంటిల్లిపాదీ నన్ను లెక్కల పెదబాపు అనేవారు (గౌరవంతో అంటున్నారని అప్పట్లో అనుకునేవాణ్ణి).

ఆ రోజుల్లోనే మా తమ్ముడి భార్యకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడు మార్లు దవాఖానకు పోయి, యంత్రానికి చెయ్యి అప్పగించి, రక్తం శుభ్రం చేయించుకోవాలి. తమ్ముడు మెకానిక్కు, అన్నిసార్లు సెలవు దొరకదు. వాళ్ల బిడ్డ ఆదిభట్లలో పనిచేస్తుంది, పొద్దున్నే కంపెనీ బస్సెక్కి పోతుంది. కాబట్టి తోడు పోయే పని నాది. తల్లికి పొద్దుపోవాలని ఆ బిడ్డ ఒక టాబ్లెట్ కొనిచ్చింది (పలకంత వెడల్పు ఫోను అనుకోండి), అందులో ఒక ఆట వేసిచ్చింది. పాడుబడిన బంగళా, అందులో ఒకరి తర్వాత ఒకరు చచ్చిపోయిన కుటుంబం, గది గదికీ చిందరవందరగా సామాను. కింద ఒక జాబితా వస్తుంది. అందులోని వస్తువులను ఆ చెత్తలోంచి వెతికి వేలితో ముట్టాలి. అన్నీ దొరికితే తాళంచెవి, తాళం తెరుచుకుంటే ఇంకో గది, ఇంకో శవం. జాబితా ఇంగ్లీషులో ఉంటుంది. మరదలికి ఇంగ్లీషు రాదు. అందుచేత నేను చదవడం, ఆమె వెతకడం. పక్క మంచాల మీద మనుషులు కళ్లు మూసుకుని మూలుగుతుంటే, మా మంచం దగ్గర నేను తగ్గు గొంతుతో "గొడ్డలి, కొవ్వొత్తి, పుర్రె" అని చదివేవాణ్ణి. ఒకనాడు నర్సు వచ్చి, జర మెల్లగా చదువమని చెప్పిపోయింది.

వెతకడంలో నేను పనికిమాలినవాణ్ణి. వస్తువును వదిలేసి లోపాలు పట్టుకునేవాణ్ణి. "చూడమ్మా, ఈ ఇంట్ల నూరేండ్లుగా ఎవ్వరు లేరంటున్నరు. మరి ఈ దీపం ఎవరు ముట్టిచ్చిన్రు? ఈ గోరీ మీద చూడు, పుట్టిన ఏడు కంటే సచ్చిన ఏడు ముందుగాల ఉన్నది. గిట్ల రాసినోణ్ణి కొలువుల ఉంచరు."

"బావా," అనేది ఆమె, సూది గుచ్చని చేత్తో తెర మీద వెతుకుతూనే, "దయ్యాల కొంపల గూడ నీకు లెక్కలు గావాల్నా? నువ్వు సదువు. దీపం సంగతి దయ్యం సూసుకుంటది."

ఆ బంగళా నేలమాళిగలో ఒక పిల్ల ఉంటుంది. ఆ ఇంటి దయ్యం ఆ పిల్లే. ఆఖరి తలుపు తీస్తే విడుదలవుతుంది. మరదలు ఆ తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. అప్పటికి ఆమె చెయ్యి ఎత్తడమే కష్టమవుతున్నది. "మల్లచ్చే మాటు తీద్దాం బావా. పాపం, ఆ పిల్ల బయటపడాలె" అన్నది. "ఆ పిల్ల ఎన్నడో సచ్చింది గదమ్మా" అన్నాను, వాస్తవం చెప్పడం నా ధర్మం కనుక. ఆమె టాబ్లెట్ పక్కన పెట్టింది. "సచ్చినంక గూడ లోపల్నే ఉండాల్నా?" అన్నది. మళ్లీ వచ్చే మాటు రాలేదు.

మా వైపు మూడోనాడు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, సమాధి దగ్గర విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. మా మరదలి విస్తరి చూస్తే, డాక్టరు వద్దన్నవన్నీ ఒకచోట చేర్చినట్టు ఉంది: బోటి కూర, మామిడికాయ తొక్కు, అరటిపండ్లు, కొబ్బరినీళ్లు. తమ్ముడు ఒక ముంత నిండా చల్లని నీళ్లు కూడా పెట్టాడు. రెండేళ్లుగా ఆమెకు నీళ్లు గుక్కలు లెక్కబెట్టి పోసింది తనే. ఇప్పుడు ముంత నిండినా పోస్తూనే ఉన్నాడు. పొర్లిన నీటికి విస్తరి చుట్టూ మట్టి బురదైంది.

కాకి రాలేదు. శ్మశానం పక్కనే ప్లాట్ల వెంచర్ పడింది. మట్టి తవ్వే యంత్రం మోగుతున్నది. ఉన్న నాలుగు చెట్లూ కొట్టేశారు. చెట్లు తగ్గితే కాకులు ఎంత తగ్గుతాయో నేను వివరించబోయాను. మా అక్క (మాలో పెద్దది, కంటి ఆపరేషను చేయించుకుని నల్లద్దాలు పెట్టుకుని ఉంది) "నీ లెక్కలు కాకికి చెప్పు పో" అన్నది. ఎండ ఎక్కింది. తమ్ముడు సమాధి పక్కన చతికిలబడ్డాడు. "పిట్ట ముట్టందే నేను లెవ్వ. ఒక్క మెతుకు ముట్ట" అన్నాడు. వాడికి చక్కెర జబ్బు. పొద్దున మందు వేసుకున్నాడు, తిండి మానేశాడు. చొక్కా తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. బిడ్డ బెల్లం నీళ్ల గ్లాసు తెచ్చి నోటి దగ్గర పెడితే తోసేశాడు. వారం లోపల ఈ శ్మశానానికి మళ్లీ రావలసి వస్తుందని మాలో అందరికీ అర్థమైంది.

అప్పుడు ఆ బిడ్డ అన్నది: "అమ్మ ఆట మిగిలింది పెదబాపు. ఆఖరి తలుపు."

కారులోంచి టాబ్లెట్ తెచ్చి విస్తరి పక్కన పెట్టారు. పట్టపగలు శ్మశానంలో ఆ టాబ్లెట్ నక్కలా ఊళ వేసింది, తలుపు కిర్రుమన్నది. వెంచర్ పనివాళ్లు పని ఆపి చూశారు. కాకి రాలేదు. "ఉత్తగ పెడితె ఎట్లస్తది?" అన్నది అక్క. "ఆట అయిపోగొట్టాలె. ఏయ్ లెక్కలోడా, నువ్వేగద సదివింది. కూసో."

టాబ్లెట్ తీసుకుని, విస్తరికి దూరంగా జరిగి కూర్చున్నాను. తలమీద కొంగులు కప్పుకున్న ఆడవాళ్లు, తువ్వాళ్లు చుట్టుకున్న మగవాళ్లు నా చుట్టూ వంగారు. కొద్దిసేపటికి తమ్ముడు కూడా మోకాళ్ల మీద జరిగి వచ్చాడు. నేను చదివాను: "కత్తెర."

"గదిగో, బొక్కల బుట్ట కింద" అన్నదొకామె.

"అది కత్తెర గాదే, అడకత్తెర."

"నీ ఇంట్ల గట్లుంటదా అడకత్తెర? ఒత్తు, ఒత్తు."

కత్తెరే. గడియారపు ముల్లు దొరికింది, విరిగిన బొమ్మ దొరికింది. జాబితాలో చివరి మాట చదవడానికి నా నోరు రాలేదు. "ఏమున్నదిరా?" అన్నది అక్క.

"కాకి."

అందరూ ఒకేసారి తెర మీదికి ఇంకా వంగారు. నా జీవితంలో అంత శ్రద్ధగా పనిచేసిన బృందాన్ని ఏ కార్యాలయంలోనూ చూడలేదు. చివరికి నల్లద్దాలు నెత్తి మీదికి జరిపి అక్కే కనిపెట్టింది: "పొగగొట్టం మీద. నల్లగ నక్కి కూసున్నది." తమ్ముడి వణికే వేలు పట్టుకుని దాని మీద పెట్టించాను. తలుపు తెరుచుకుంది. నేలమాళిగలోని ఆ పిల్ల తెల్ల గౌనులో మెట్లెక్కి, ఎండలోకి నడిచిపోయింది. ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది.

తలలెత్తి చూస్తే విస్తరి చెదిరి ఉంది. బోటి కూర లేదు.

"పిట్టచ్చింది" అన్నారెవరో. నేను లేచి దగ్గరికి పోయాను. పరిశీలించకుండా నమోదు చేసే అలవాటు లేదు కదా. ముంత పక్క బురదలో గుర్తు స్పష్టంగా పడి ఉంది: నాలుగు వేళ్లు, వెనక మెత్త. వెంచర్ గోడ అవతల ఒక ఎర్ర కుక్క మూతి నాక్కుంటున్నది.

"అన్నా," అన్నాడు తమ్ముడు వెనకనుంచి, "వీళ్లు నా కోసం అంటరు. నువ్వు చెప్పు. నువ్వు ఉన్నదే చెప్తవ్. ముట్టిందా?"

నా కుడి పాదం తీసి ఆ గుర్తు మీద పెట్టాను. "ముట్టిందిరా. నీళ్లు దాగు" అన్నాను. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. వాడు బిడ్డ చేతిలోని గ్లాసు తీసుకుని గటగటా తాగాడు.

అందరూ కాళ్లు కడుక్కోవడానికి కదిలారు. నేను కదలలేదు. అక్క వచ్చి నా ముందర ఆగింది. "ఏందిరా, కాలు తీస్తలేవ్?"

"తిమ్మిరెక్కిందక్క."

ఆమె నా పాదాన్ని చూసింది, గోడ అవతల కుక్కను చూసింది, నల్లద్దాలు కళ్ల మీదికి దింపుకుంది. "గట్లనే నిలవడు జర సేపు," అన్నది, "నేను వాణ్ణి కారెక్కిస్త."

ఆ వెంచర్‌లో ఇప్పుడు ఇళ్లు లేచాయి. తమ్ముడు బాగానే ఉన్నాడు, నేను చదివి పెడుతుంటే అదే ఆట మళ్లీ మొదటినుంచి ఆడుతున్నాడు. నూరేళ్లుగా వెలుగుతున్న ఆ దీపం దగ్గరికి వచ్చినప్పుడు నేనేమీ అనడం లేదు. కారు చప్పుడు దూరమయ్యేదాకా ఎండలో, బురదలో, ఒక కుక్క అడుగు మీద కాలు పెట్టి నిటారుగా నిలబడిన ఆ రిటైరైన అధికారి అప్పుడప్పుడు గుర్తుకొస్తాడు. అంత కొలిచే మనిషి, ఎంతసేపు నిలబడ్డాడో మాత్రం చూసుకోలేదు.