నాలుగు శాక్సోఫోన్లు, రాయని చీటీ

పుంగనూరులో దిగిపోయిన ఆ పెద్దాయనకు ఎవరైనా చదివి వినిపిస్తారేమోనని ఇది రాస్తున్నాను.

మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సులో, ఫోనులో లాత్వియా స్వరకర్తల కొత్త సంగీతం వింటున్నాను. నలుగురు శాక్సోఫోన్ వాయిస్తున్నారు. ఆ దేశం గురించి గ్రంథాలయంలో చదివినదంతా పక్క సీటు పెద్దాయనకు అడగకుండానే చెప్పాను. ఆయన ఒడిలో ఏదో నల్ల పెట్టె ఉంది. ఇయర్‌ఫోన్ ఒకటి ఇచ్చి, "ఇది పెళ్ళి బ్యాండు కాదు పెద్దాయనా. ఊపిరి తీసుకోకుండా వాయిస్తారు" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. పెట్టె మీద వేళ్ళు కదిలాయి.

"ఊపిరి తీసుకోకుంటే సచ్చిపోతారప్పా! ఒకడు దమ్ము తీసుకునేటప్పుడు పక్కోడు ఆ స్వరాన్నే పట్టుకుంటాండాడు. సూడు, ఇప్పుడు మారినారు."

నాకేమీ వినపడలేదు. ముందు సీటువాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది.

"మా బ్యాండులోనూ నలుగురం శాక్సోఫోనే. మా తమ్మునికి దమ్ము సాలక, వాణ్ణి తీసేయమంటాండారు. ఇట్లా వాయిస్తే వాడు మాతోనే ఉంటాడు. దీని పేరు సీటీలో రాసియ్యప్పా."

"మీకు యాడ దొరుకుతుందిలే" అన్నాను.

ఆయన ఇయర్‌ఫోన్‌ను పంచెతో తుడిచి, నా చేతిలో పెట్టి దిగిపోయాడు.

ఇంట్లో మళ్ళీ విన్నాను. స్వరం చేతులు మారడం వినపడింది.

ఆ పెద్దాయన కోసం బ్యాండువాళ్ళందరినీ విచారించిన కండక్టర్ మునిరత్నానికి, ఆ సంగీతం పేరును తెలుగులో రాయడానికి సాయపడిన గ్రంథాలయం సరోజమ్మకు, ఆయన వస్తే ఇవ్వడానికి ఆ చీటీని పుంగనూరు బస్టాండు టీ అంగడిలో ఉంచుకున్న ఖాదర్‌బాషాకు కృతజ్ఞతలు. పెద్దాయన పేరు నేను అడగలేదు.