రెండో సైరన్ దాకా

సౌదీలోని రాస్ తనూరాలో ఆ మార్చి నెలంతా మధ్యాహ్నం పన్నెండింటికే లైట్లు వేసుకునేవాళ్లం. ఉత్తరాన కువైట్ చమురు బావులు తగలబడుతుంటే ఆ పొగ సముద్రం మీదుగా వచ్చి మా క్యాంపు నెత్తిన కూర్చునేది. ఆరేసిన బట్టల మీద మసి, అన్నం మీద కూడా మసి వాసన. సూర్యుడు ఉన్నాడో లేడో తెలియని ఆ వెలుగులో మనుషులు నీళ్లలో నడుస్తున్నట్టు నిదానంగా నడిచేవాళ్లు. యుద్ధం అయిపోయిందని రేడియో చెప్పింది కానీ మాకింకా పూర్తిగా మెలకువ వచ్చినట్టు లేదు. ముప్పై ఏళ్లు దాటాక కూడా భోజన్న పేరు తలుచుకుంటే నాకు ముందు ఆ వెలుగే గుర్తొస్తుంది. మనిషి ఆ తర్వాత వస్తాడు.

భోజన్నది కోరుట్ల దగ్గర పల్లె. రిఫైనరీలో కాంట్రాక్టరు కింద స్కఫోల్డింగ్ పని. ఇనుప గొట్టాలు ఒకదానికొకటి బిగించుకుంటూ పైకి పోయి, మిగతావాళ్లు నిలబడి పనిచేసేందుకు గాలిలో చోటు కట్టడం. అంత ఎత్తున సముద్రం కేసి చూస్తూ తనలో తను మాట్లాడుకునేవాడు. ఎవరితోనయ్యా అంటే, "మా ముత్తవ్వతోని సారూ" అనేవాడు. ముత్తవ్వ అంటే ముత్యవ్వ, అతని భార్య. చదువు రాదు, అతనికీ రాదు. పెళ్లయి పదేళ్లయినా ఆమె సంగతి చెప్పేటప్పుడు సిగ్గుపడే మగవాణ్ని నేను ఇతన్నొక్కణ్నే చూశాను.

నేను టైమ్‌కీపర్ని. పేరు జనార్దన్, ఊరు తెనాలి దగ్గర. బీకాం చదివాను, ఆ చదువంతా క్యాంపులో నా ముక్కు మీదే ఉండేది. ఫారాలు నింపడం, ఉత్తరాలు రాయడం, తగువులకు ఐదుగురిని కూర్చోబెట్టడం, ఇవన్నీ నేను నెత్తిన వేసుకున్న పెద్దరికాలు.

ఆ ఐదుగురి సంగతి చెప్పాలి. క్యాంపులో ఐదు గదులు. గొడవ వస్తే కంపెనీ దాకా పోనిచ్చేవాళ్లం కాదు. పోతే ముందు అందరి ఇకామాలు, అంటే ఆ దేశంలో ఉండేందుకిచ్చిన అనుమతి కార్డులు, అడుగుతారు, తగువు సంగతి ఆ తర్వాతే. అందుకని గదికొకరు చొప్పున, వంతుల మీద, శుక్రవారం భోజనాలయ్యాక మెస్సులో కూర్చుని తేల్చేవారు. వంతు వచ్చినవాడికి నేను చీటీ ఇచ్చేవాణ్ని. చీటీ అందితే కూర్చోవాల్సిందే. మంచం పట్టినవాడికీ, తగువులో ఉన్నవాడి సొంత చుట్టానికీ తప్ప ఎవరికీ మినహాయింపు లేదు. ఈ నియమం రాసింది నేనే కాబట్టి దాని మీద నాకు కన్నబిడ్డ మీదున్నంత ప్రేమ.

తీర్పు మాటల్లో చెప్పేవారు కాదు. ఐదుగురి ముందూ ఐదు గ్లాసుల సులేమానీ, అంటే పాలు లేని టీ, పెడతారు. ఎదురుగా నిలబడ్డవాడి తప్పు లేదనుకున్నవాడు తాగుతాడు. తప్పు ఉందనుకున్నవాడు గ్లాసు ముట్టడు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, నేను వచ్చేసరికే ఉంది.

ఆ వారం తగువు ఒక క్యాసెట్టు గురించి. అప్పట్లో పల్లెల్లో ఫోన్లు లేవు, అందరికీ చదువూ లేదు. ఉత్తరానికి బదులు క్యాసెట్టు. ఇంట్లోవాళ్లు మాట్లాడి పంపితే మనం విని, దాని మీదే మన మాట రికార్డు చేసి, ఊరికి పోయేవాడి సంచిలో వేసేవాళ్లం. వాళ్లు విని మళ్లీ దాని మీదే. ఒకరి మాటను ఒకరు చెరుపుకుంటూ ఆ చిన్న ప్లాస్టిక్ బిళ్ల సముద్రాలు దాటి పోతూ వస్తూ ఉండేది. అందులో ఎవరికీ ఏ తప్పూ తోచలేదు, ఆ ఏడాది దాకా.

రెండో గదిలో నాగేందర్ అనే పెయింటరుండేవాడు, ఇరవై ఆరేళ్లవాడు. డిసెంబరులో వాళ్లమ్మ లస్మవ్వ క్యాసెట్టు పంపింది. ఫిబ్రవరిలో ఆమె పోయిందని ఉత్తరం వచ్చింది. విమానాలు ఆగిపోయాయి, వెళ్లే దారి లేదు. మూడు రోజులు మంచం మీద ముసుగుతన్ని పడుకుని, నాలుగో రోజు లేచి, అవ్వ గొంతు వింటానని మెస్సుకు వెళ్లాడు. క్యాంపు మొత్తానికి ఒకటే టేప్‌రికార్డరు, వంటమనిషి మస్తాన్ వలీది. అందరి క్యాసెట్లూ అక్కడే ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. నాగేందర్ డబ్బా బోర్లించి అన్నీ వేసి విన్నాడు. అవ్వ లేదు. తన దానిలాగే ఉన్న, పైన పేరేమీ రాసి లేని ఆకుపచ్చ క్యాసెట్టులో మస్తాన్ వలీ రేడియో నుంచి ఎక్కించుకున్న పాటలు వచ్చాయి.

"మా అవ్వ మీద పాటలు ఎక్కించినవారా?" అని వలీ మెడ పట్టుకున్నాడు.

"అది నేను కొనుక్కున్న క్యాసెట్టప్పా. మీ యమ్మ గొంతు నేనెందుకు చెరుపుతా? నాకు మాత్రం అమ్మ లేదా?" అన్నాడు మస్తాన్ వలీ. కడప మనిషి. ఆ తర్వాత ఎవరేమడిగినా ఆ మాట తప్ప ఇంకో మాట చెప్పలేదు.

తప్పు తేలితే వలీని వంట నుంచి తీసేయమని క్యాంపంతా కంపెనీకి చెప్పాలని నాగేందర్ పట్టు. వంట పోతే వీసా పోయినట్టే. నలుగురు పిల్లల తండ్రిని విమానమెక్కించి పంపేస్తారు. ఆ శుక్రవారం ఐదుగురిలో నాలుగో గది వంతు భోజన్నది.

చీటీ ఇచ్చిన మర్నాడు, మంగళవారం, భోజన్న నా ఆఫీసు గుమ్మంలోకి వచ్చాడు.

"సారూ, నడుము గుంజుతాంది. ఈ పాలి నన్ను ఇడిసిపెట్టు."

"నిన్న ఎనభై అడుగులు ఎక్కినవాడివి, బల్ల మీద గంట కూర్చోలేవా?" అన్నాను.

బుధవారం మళ్లీ వచ్చాడు. "నాగేందర్ నాకు తమ్ముడైతడు సారూ. సుట్టమైతే కూసోవద్దని నువ్వే అంటివి."

"సొంత తమ్ముడా?"

"వరుసకు."

"వరుసలు కలుపుకుంటూ పోతే నువ్వు నాకు బావమరిదివి కూడా అవుతావు. కుదరదు."

గురువారం సాయంత్రం మూడోసారి వచ్చాడు. జుట్టు మీద, కనుబొమల మీద మసి. "సారూ, తప్పు చేసినోడు సుత తీర్పు చెప్పచ్చునా?" అన్నాడు.

"తప్పు చేయనివాణ్నే కూర్చోబెట్టాలంటే ఐదుగురు కాదు కదా, ఒక్కడూ దొరకడు. పోవయ్యా భోజన్నా, నాకు టైమ్‌షీట్లున్నాయి."

నా తెలివికి నేనే మురిసిపోయాను. అతను ఏదో వస్తువు మర్చిపోయినట్టు నా బల్ల కేసి కాసేపు చూసి వెళ్లిపోయాడు. ఆ రోజు కలం పక్కన పెట్టి రెండు నిమిషాలు విననందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపం.

శుక్రవారం పొగ మరీ కిందికి దిగింది. మెస్సులో ట్యూబ్‌లైట్ల చుట్టూ గోధుమరంగు మంచులా కమ్ముకుంది. ఎవరి నీడా నేల మీద పడటం లేదు. అందరం కలిసి ఒకే కల కంటున్నట్టుంది, ఆ కలలో మాట్లాడితే గొంతు బయటికి వస్తుందో రాదో అన్నట్టు అందరూ మెల్లిగా మాట్లాడుతున్నారు. నాగేందర్ తన మాట చెప్పాడు. వలీ తన మాట చెప్పాడు. వంటమనిషి అతనే కాబట్టి తన తీర్పుకు టీ కూడా అతనే కాచి, ఐదు గ్లాసుల్లో తనే పోసి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని ఎదురుగా నిలబడ్డాడు.

మొదటివాడు తాగాడు. రెండోవాడు ముట్టలేదు. మూడోవాడు ముట్టలేదు. ఐదో గదివాడు భోజన్న కంటే ముందే గ్లాసెత్తి గటగటా తాగేశాడు. ఇద్దరటు, ఇద్దరిటు. నాకు గ్లాసు లేదు. ఉంటే ముట్టేవాణ్ని కాదు, ఆ మాట ఇవాళ ఒప్పుకుంటున్నాను. వలీ తప్పు చేశాడనే నేననుకున్నాను.

భోజన్న గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఆవిరి ఆగిపోయింది. టీ చల్లారిపోయింది. అప్పుడు లేచి, బల్ల దాటి, వెళ్లి మస్తాన్ వలీ పక్కన నిలబడ్డాడు.

"తాగుత. కని మీ ఐదుగురిల ఒకణ్నయి తాగ" అని ఒక్క గుక్కలో తాగేశాడు. "అవ్వ మీద మాట్లాడింది నేను. వలీ కాదు."

జనవరిలో మొదటిసారి సైరన్ మోగిన సాయంత్రం జరిగిందట. మర్నాడు పొద్దున్నే ఒకతను జెద్దా బస్సెక్కుతున్నాడు. అక్కడి పాత బజారు బలద్‌లో ఏదో చౌక గదిలో పడి ఉండి, విమానాలు మొదలవగానే ఊరికి పోతాడు. బతికే ఉన్నానని ముత్యవ్వకు చెప్పాలి. లైట్లు ఆర్పేయమన్నారు. భోజన్నకు అక్షరాలు రావు కాబట్టి తన క్యాసెట్టుకు ఎర్ర దారం కట్టుకునేవాడు. చీకట్లో డబ్బాలో చెయ్యి పెట్టి తడిమితే దారం తగిలినట్టే అనిపించింది. దాని మీదే మాట్లాడి పంపేశాడు. నాగేందర్ డబ్బా బోర్లించిన రోజు, ఎర్ర దారం కట్టిన తన క్యాసెట్టు కింద పడి ఉండటం చూశాక గానీ, తను పంపింది లస్మవ్వ క్యాసెట్టని భోజన్నకు తెలియలేదు. నేను ప్రతి క్యాసెట్టు మీదా గుండ్రటి అక్షరాలతో పేరు రాసి పెట్టి గొప్ప పని చేశాననుకునేవాణ్ని. చీకట్లో తడుముకునే మనిషికి నా అక్షరాలెందుకు?

అందరూ నాగేందర్ వైపు చూశారు. కొడతాడనుకున్నాను. అతను ఒకటే అడిగాడు.

"ఎంతసేపు మాట్లాడినవే అన్నా?"

భోజన్న ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "భయమయ్యింది తమ్మీ. రెండో సైరన్ మోగేదాంక మాట్లాడిన."

మొదటి సైరన్ మోగితే లోపల దాక్కోవాలి, రెండోది మోగితే బయటికి రావచ్చు. ఆ సాయంత్రం రెంటికీ మధ్య ఎంతసేపు గడిచిందో మాకెవరికీ తెలియదు. పది నిమిషాలన్నాడొకడు. గంట అన్నాడింకొకడు. క్యాసెట్టు ఒక వైపు ముప్పై నిమిషాలు. లస్మవ్వ ఆ వైపు నిండా మాట్లాడిందని నాగేందర్ చెప్పాడు. ఇక ఆమె మిగిలిందీ లేనిదీ ఆ రెండు సైరన్ల మధ్య ఉంది. మిగిలినా, క్యాసెట్టు అందగానే ముత్యవ్వ అలవాటు ప్రకారం దాని మీదే జవాబు మాట్లాడుతుంది కదా.

ఆ సాయంత్రమే నేను ముత్యవ్వకు ఉత్తరం రాశాను. "ఆ క్యాసెట్టు మీద మాట్లాడవద్దు, ఉన్నది ఉన్నట్టు పంపు" అని పెద్ద అక్షరాలతో రాసి కింద గీత కూడా గీశాను. నాగేందర్ వలీ చేతులు పట్టుకుని క్షమించమన్నాడు. భోజన్నకు ఏ శిక్షా అడగలేదు. "క్యాసెట్టు అచ్చేదాంక నాతోని మాట్లాడకు" అన్నాడు, అంతే.

మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. రేవులో ఓడలు పొగలోంచి వచ్చి పొగలోకి పోయేవి. చమురంటుకున్న పక్షులు ఒడ్డున ఎగరలేక నిలబడి ఉండేవి. భోజన్న పైకెక్కి సముద్రం కేసి చూసేవాడు కానీ ముత్యవ్వతో మాట్లాడటం మానేశాడు. ఒకసారి నేనే అడిగాను. "నోరు తెరిస్తె ఎవలి మాటనో చెరిపినట్టు అనిపిస్తాంది సారూ" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మళ్లీ టైమ్‌షీట్లలో తల దూర్చుకున్నాను.

మే నెలాఖరున, సెలవు ముగించుకుని కోరుట్ల వైపు నుంచి వచ్చినతను ఆకుపచ్చ క్యాసెట్టు తెచ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళ. భోజన్న వెళ్లి దాన్ని అందుకున్నాడు.

"ఉత్తరం అందినాదే మా ఇంటిదానికి?" అని అడిగాడు.

"ఉత్తరమా? నేను బయలెల్లేదాంక ఏ ఉత్తరం రాలే. నువ్వు మాట్లాడుడు అయినంక దీంట్ల ఎవలో ముసలవ్వ మాట్లాడుతాందట. ఎవలి కొడుక్కో ఏమో చెప్పుకుంటాంది, ఆమె మీద నేనెట్ల మాట్లాడాలె అన్నది నీ పెండ్లాం. గట్లనే ఇచ్చింది."

"మరి నాకేం చెప్పలేదా?"

"ఇంకో క్యాసెట్టు కొన్నంక మాట్లాడుతదట."

ఐదు నెలలుగా ముత్యవ్వ గొంతు కోసం ఎదురుచూసినవాడు. తల ఊపి, క్యాసెట్టును నాగేందర్ చేతిలో పెట్టి, కంచం దగ్గరికి పోకుండా గోడ పక్కన నిలబడ్డాడు.

నాగేందర్ టేప్ నొక్కాడు. ముందు భోజన్నే వచ్చాడు, వెనకాల సన్నగా సైరన్ కూత. "ముత్తవ్వా, ఇక్కడ బాంబులు లేవు ఏం లేవు. ఉత్తగనే అంటరు జనం. ముంగట సముద్రం, మంచి గాలి. నేను యాళ్లకు తింటున్న, మంచిగ పంటున్న..." అన్నీ అబద్ధాలు. ఒక్కరూ నవ్వలేదు. ఇరవై అయిదు నిమిషాలు భయపడుతున్న మనిషి నిబ్బరంగా మాట్లాడటం విన్నాం. "రంది పెట్టుకోకు. నాకేం కాదు. ఉంట మరి" అన్నాడు. రెండో సైరన్ మోగింది. టక్కుమని ఒక చప్పుడు. చిన్న నిశ్శబ్దం.

"...న్నవా బిడ్డా?" అంది లస్మవ్వ. "తిన్నవా లేదా?"

ఎక్కడి నుంచి మాట్లాడుతోందో, ఎవరిని అడుగుతోందో తెలియనంత దగ్గరగా ఉంది ఆ గొంతు.

"లేదవ్వా" అన్నాడు భోజన్న గోడ దగ్గర నుంచి. అడిగింది తనను కాదని గుర్తుకొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఎండల తిరగకు, తలకు రుమాలు కట్టుకో, నా కాళ్ల నొప్పులు తగ్గినయ్ అని చెబుతూ పోయింది ఆమె. ఐదు నిమిషాలకు "ఉంట బిడ్డా" అంది. బటన్ పైకి లేచింది.

నాగేందర్ కళ్లు తుడుచుకోలేదు. క్యాసెట్టు తీసి జేబులో పెట్టుకుని, మస్తాన్ వలీ వైపు తిరిగాడు.

"వలీ భాయ్, మా అన్న తినలేదట. ఇద్దరికి పెట్టు."