సుక్రు కట్టిన లాటరీ పందెం

సుక్రుకు ఒకటే జబ్బు, పందెం. పేకముక్క ముట్టడు, కోడిపందేల వైపు తొంగిచూడడు. కానీ ఎదుటివాడు నోరు తెరిస్తే చాలు, "కాదు, పందెమా?" అంటాడు. వాన రాదంటే వస్తుందంటాడు. పనసకాయలో అరవై తొనలంటే నలభయ్యే అంటాడు. పందెం ఎప్పుడూ ఒక నాటుకోడి. ఓడిపోయేది ఎప్పుడూ సుక్రే.

బొర్రా గుహలకు పైనున్న ఆ ముప్పై గడపల ఊళ్లో సుక్రు కోడి ఉడకని ఇల్లు లేదు. ఆయన కోళ్లు పెంచేదే ఓడిపోవడానికని వార్డు మెంబరు రాజకుమారి నవ్వేది. సోములమ్మ ఒక్కతే ఏడు గెలిచింది. రెండు మేకలతో బతుకీడ్చే ఒంటరి ముసలమ్మ ఆమె. ఎవరైనా గుప్పెడు చోడిగింజలు ఊరికే ఇవ్వబోతే మొహాన కొడుతుంది. గెలిచిన కోడినైతే ఊరంతా తిప్పి చూపించి మరీ వండుకుంటుంది.

"నా అదుట్టం అలాటిది గుంటా!" అనేది రాజకుమారితో.

ఇంతలో ప్రభుత్వ లాటరీ వచ్చిపడింది. ఏజెన్సీ ఊళ్లో టికెట్ల కొట్టు తెరవాలంటే గ్రామసభ చేతులెత్తి ఒప్పుకోవాలట. ఊరు ఎగిరి గంతేసింది. సుక్రు మీద గెలిచి గెలిచి అందరికీ తమ అదృష్టం మీద అంత గురి కుదిరింది మరి! సోములమ్మయితే మేకలు రెండూ సంతకు తోలేసి టికెట్లు కొంటానని కూర్చుంది. వద్దని రాజకుమారి వెంటపడింది. ఎంత బతిమాలినా ముసలమ్మ వినలేదు.

సభ రోజున సుక్రు ఉన్న కోళ్లన్నీ గంపలకెత్తుకుని దిగాడు.

"లాటరీ నెగ్గుద్ది! పందెమా? నెగ్గకపోతే ఇంటికో కోడి!"

"ఇప్పుడే ఇత్తావేటి?" సోములమ్మ లేచి నిలబడింది.

"ఇప్పుడే. గంపలు కనబడ్డంలేదా అప్పా?"

"అయితే ఆ నల్లపుంజు నాది!"

సభలో గుసగుసలు మొదలయ్యాయి. సుక్రు అవుతుందన్నది ఏనాడైనా అయిందా?

"టికెట్టు తగులుద్దో లేదో గానీ కోడి ఖాయమర్రా!" అన్నాడు ముందు వరసలో కూర్చున్న కామేష్.

లాటరీ కావాలని లేచిన చేతులు మూడు. వద్దన్నవాళ్లను ఎత్తమనగానే సభంతా చేతులే. సోములమ్మ రెండూ ఎత్తేసింది. రాజకుమారి ఒకటి దింపించి, లెక్కపెట్టుకుంటూ వెనక వరసకు వచ్చి ఆగిపోయింది. అక్కడ సుక్రు చెయ్యి లేచి ఉంది.

"మావా! పందెం అటు కట్టి సెయ్యి ఇటెత్తావేటి?"

"బేగి లెక్కెట్టు గుంటా, రెక్క పీకేత్తంది."

రాజకుమారికి అప్పుడు వెలిగింది. ముప్పయ్యేళ్లు రైలుపట్టాల మీద గ్యాంగుమన్నుగా పనిచేసిన మనిషి, మొన్న గూడ్సుబండికి ఎన్ని పెట్టెలో చెప్పలేక సోములమ్మకు ఓడిపోయాడు! ఊరికే పుచ్చుకోనివాళ్లకు పెట్టాలంటే ఈయనకు తెలిసిన దారి అదొక్కటే. తను పెంచిన పిచ్చినమ్మకాన్ని ఇవాళ తన కోళ్లతోనే విరగ్గొట్టాడు. ఆ ముసలాయన మీద ఆమెకు ఎక్కడలేని ముద్దూ వచ్చింది.

"ఇన్నాళ్లూ కావాలనే..." అంది గొంతు తగ్గించి.

"ఊరుకో. ఎవులైనా ఇంటే కోళ్లు నా మొకాన కొడతారు."

అప్పటికే సోములమ్మ నల్లపుంజును చంకన పెట్టుకుని వచ్చేసింది.

"ఓరి సుక్రూ, ఒక్క కోడీ మిగల్లేదేట్రా నీకు? నీయంత అదుట్టం లేనోణ్ణి నానెక్కడా సూణ్నేదు. సాయంత్రం మా ఇంటికి రా, నీకూ రెండు ముక్కలెడతాను."

సుక్రు తల వంచుకుని సరేనన్నాడు. తలెత్తితే నవ్వు కనబడిపోతుందని, ఆమె ఇల్లు చేరేదాకా ఎత్తలేదు.