వెంకటస్వామిగారు కాపాడిన నివ్వరి

టాటీబంధ్ అవతల మా కాలనీకి వెంకటస్వామిగారే అధ్యక్షులు. ఎన్నికలు వాయిదా వేసేదీ ఆయనే కాబట్టి పోటీ లేదు. సిల్తారాలో ఉక్కు ఫ్యాక్టరీ ఫోర్‌మన్‌గా రిటైరయ్యాక, అజమాయిషీకి మనుషులు దొరక్క కాలనీ మీద పడ్డారు.

కాలనీ వెనక గుంటలో నివ్వరి పెరిగేది. ఎవరూ విత్తకుండా మొలిచే అడవి వరి అది. గేదెలు అందులో పొర్లేవి. దున్నని నేలలో పండిన గింజే తినాలన్న కమర్‌ఛఠ్ వ్రతానికి చుట్టుపక్కల ఆడవాళ్లు ఆ కంకుల్ని బుట్టల్లోకి దులుపుకునేవారు. గుంట పూడ్చి కార్లు పెట్టించాలని ఆయన పట్టుదల.

ఒకనాడు ఫణిశ్రీ అనే పరిశోధకురాలు వచ్చింది. మనం తినే వరికి ఇది చుట్టమని, రేపు పొలాలకు కొత్త తెగులొస్తే తట్టుకునే గుణాన్ని ఇలాంటివాటిలోనే వెతుక్కోవాలని చెప్పింది. గుంటను ఉన్నదున్నట్టు వదిలేయమని కోరింది.

'ఉన్నదున్నట్టు' తప్ప ఆయనకు అన్నీ వినిపించాయి. నెల తిరక్కుండా కంచె లేచింది. గేటుకు తాళం, పక్కన ఆయన పేరుతో బోర్డు. గేదెలు బయట, ఆడవాళ్లూ బయటే.

"ఇన్నాళ్లూ గేదెలు తొక్కినా బతికింది కదా, ఇప్పుడేటయిందని కంచె?" అంది భార్య చిన్నమ్మ.

"అప్పుడు దానికి ఇజ్జత్ లేదు. ఇప్పుడది వీఐపీ."

పండగానే గింజ రాల్చడం నివ్వరి స్వభావం. ఖాళీ కంకులు చూసి, దొంగలు పడ్డారని ఆయన కాపలా పెట్టారు. గింజలు కాపలావాడి ముందే రాలాయి. బలం చాలట్లేదని తేల్చి యూరియా బస్తాలు గుమ్మరించారు. మరుసటి వానలకు గుంటంతా గుర్రపుడెక్క అల్లుకుంది. నివ్వరి కనపడకుండా పోయింది.

అప్పటికే పర్యావరణ రక్షకుడిగా ఆయనకు సన్మానం ఖాయమైంది. పరువు పోకుండా గుర్రపుడెక్క పీకించి, తెలిసిన రైతు దగ్గర మామూలు వరి నారు తెచ్చి నాటించారు. ముఖ్య అతిథి ఆ పచ్చదనానికి మురిసిపోయి శాలువా కప్పారు.

ఫణిశ్రీ గట్టు మీదే ఆగిపోయింది. "అంకుల్, ఇది వరసల్లో ఉందేంటి?"

"మన కాలనీలో డిసిప్లిన్ అలా ఉంటదమ్మా."

ఆమె నవ్వలేదు. బురదలో పాత గింజలు ఇంకా ఉండొచ్చని, కంచె తీసి గేదెల్ని రానిస్తే, అవి కలుపు మేసి బురద తొక్కితే మొలుస్తాయేమోనని బతిమాలింది. కంచె మీద అతిథిగారి పేరున్న పలక ఉందనీ, కమిటీలో చర్చించాలనీ ఆయన అన్నారు. ఆ కమిటీ ఇంతవరకూ కూర్చోలేదు.

ఆడవాళ్లు మరో గుంట వెతుక్కున్నారు. చిన్నమ్మ వాళ్లతో వెళ్లి గింజలు దులుపుకొచ్చి, ఫణిశ్రీకి ఫోన్‌లో దారి చెప్పింది. మొగుడు అడిగితే మాత్రం, గింజలు బజార్లో కొన్నానంది.