నాలుగో నంబరుకి వచ్చిన పిలుపు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్ళు మంట. ఖిదిర్‌పూర్ డాక్‌లో పనిచేసే రోజుల్లో, ఒక ఓడ అడుగున ఎవరో మూలుగుతున్నారని కూలీలు దిగడం మానేస్తే, టార్చి పట్టుకుని నేనే దిగాను. ఊడిపోయిన గొలుసొకటి నీటి ఊపుకి ఇనప గోడకి రాసుకుంటోంది. పైకొచ్చి అందరినీ చెడామడా తిట్టాను. అలాంటి నేను ఇప్పుడిది రాస్తున్నాను. ముసలాడికి మతి పోయిందని అనుకునేవాళ్ళు అనుకోండి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది శ్రీకాకుళం వైపు. మా నాన్న డాక్ పనికి కలకత్తా వచ్చాడు, నేనూ అదే పనిలో చేరాను. బడికి వెళ్ళింది నాలుగేళ్ళే. మిగతా చదువంతా సొంతంగా నేర్చుకున్నదే. క్రేన్ నడిపేవాడికి కింద నుంచి చేతులూపి సైగలు చేయడం నా పని. తర్వాత చేతి వాకీటాకీలు వచ్చాయి. "మీట నొక్కు, మాట్లాడు, అంతే" అన్నాడు మా ఇంజనీరు బాబు. అంతేనా? సెట్టుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని, నిఘంటువు ముందేసుకుని, ఆరు వారాలు కూర్చుని చదివాను. యాంటెన్నా బిగించకుండా మీట నొక్కితే సెట్టు లోపల పాడైపోతుందని ఆ బాబుకి చెప్పింది నేను. మర్నాడు పైవాళ్ళ ముందు తనే కనిపెట్టినట్టు చెప్పుకున్నాడు. ఎన్నేళ్ళయినా ఇది మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

మా గ్యాంగులో సెట్లు ఆరు. నాది నాలుగో నంబరు. మధ్యాహ్నం ఆడవాళ్ళు క్యారేజీలు పట్టుకుని డాక్ గేటు దగ్గరికి వచ్చేవారు. గేటు కాపలా అతను తన సెట్టు వాళ్ళ చేతికిచ్చి, మీ ఆయన్ని మీరే పిలుచుకోండి అనేవాడు. తంటా అక్కడే వచ్చింది. రేడియోలో ముందు ఎవరిని పిలుస్తున్నామో చెప్పాలి. మా ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. మా ఆవిడ సత్తెమ్మ మొదటిసారి మీట నొక్కి, "ఇదిగో, నానొచ్చినాను" అంది. ఆరు సెట్లలోంచి ఆరుగురు మొగుళ్ళు ఒక్కసారే "వస్తన్నానే!" అన్నారు. క్రేన్ మీదున్న బెంగాలీ దాదాతో సహా అందరూ పగలబడి నవ్వారు.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద తగువు.

"నీ పేరు నానెలాగ సెప్తాను? ఇంకేటైనా సూడు" అంది.

"నాలుగో నంబరు అను" అన్నాను.

ఆనాటినుంచి ఇంట్లో కూడా నేను నాలుగో నంబరే. "నాలుగో నంబరూ, నీల్లు కాగినాయి." కూతురి పెళ్ళిలో, పీటల మీద కూర్చుని కూడా అదే పిలుపు. పురోహితుడు మంత్రం ఆపి చూశాడు.

నేను రిటైరై చాలా ఏళ్ళయింది. రెండేళ్ళుగా సత్తెమ్మకి మతిమరుపు. వీధిలోకి వెళితే తిరిగొచ్చే దారి తెలియడం లేదు. మా మనవరాలు శిరీష సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. అమ్మమ్మకి ఫోను కొనిచ్చి, "తాతా, ఈ నీ ఫోటో మీద అమ్మమ్మ వేలు పెడితే చాలు, నీకు ఫోను వచ్చేస్తుంది" అంది. చాలా? ఆవిడ దాన్ని మొహం చూసుకునే అద్దమనుకుని కొంగుతో తుడిచేది. తుడిచినప్పుడల్లా ఎవరో ఒకరికి ఫోను వెళ్ళేది. మనిషికి కావలసింది ఒక్క మీటయితే, ఇన్ని బొమ్మలు పెట్టిన తెలివిగలవాళ్ళని ఏమనాలి?

నేనే వెళ్ళి, లైసెన్సు అక్కర్లేని చిన్న వాకీటాకీలు రెండు తెచ్చాను. యాంటెన్నాలు బిగించాను. వెనకనున్న బ్యాటరీలు టక్కుమనేదాకా తోశాను. రెండింటినీ ఒకే ఛానెల్‌లో పెట్టి, ఊరికే వచ్చే గరగర వినపడకుండా సర్దాను. ఛానెల్ జరిగిపోకుండా పైన టేపు చుట్టాను. ఎలా వాడాలో నేను చెప్పబోయేలోపే సత్తెమ్మ సెట్టు అందుకుంది. నోటికి బెత్తెడు దూరంలో పట్టుకుని, మీట నొక్కి, ఒక్క క్షణం ఆగి, "నాలుగో నంబరూ, ఇనపడతందా? ఓవర్" అంది.

మనవరాలి పేరు మర్చిపోయిన మనిషి, మొదటి మాట తెగిపోకుండా నొక్కాక ఒక్క క్షణం ఆగాలన్నది మర్చిపోలేదు. నేను పక్కగదిలోకి వెళ్ళి అక్కడినుంచి జవాబిచ్చాను. ఎందుకు వెళ్ళానో రాయనక్కర్లేదు.

అప్పటినుంచి సెట్టు ఆవిడ నడుముకి ఉండాల్సిందే. లేకపోతే ఇల్లంతా వెతుక్కుని ఏడ్చేది.

ఆ రోజు పొద్దున ఆవిడ బ్యాటరీ అయిపోయింది. తీసి ఛార్జింగులో పెట్టాను. నడుముకి బరువు లేకపోతే గోల చేస్తుందని, ఖాళీ సెట్టే తగిలించాను. డాక్‌లో ఎవడైనా ఈ పని చేసుంటే వాణ్ణి నేనే గెంటించేవాణ్ణి. తగిలించి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

బజారంతా తిరిగాను. గుడికి వెళ్ళాను. బస్సులు ఆగేచోట అడిగాను. ఖిదిర్‌పూర్ రోడ్ల మీద ట్రైలర్ లారీలు మనిషిని చూసి ఆగవు. గంట గడిచింది. మా సందు మొదట్లో చాయ్ దుకాణం నడిపే నిమాయ్ నన్ను బలవంతంగా కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. నా చేతిలో నా సెట్టు ఉంది. ఆవిడ బ్యాటరీ ఇంట్లో ఉందని తెలిసీ మీట నొక్కాను. "సత్తెమ్మా, ఎక్కడున్నావే?" అన్నాను. వదిలాను.

కాస్త గరగర. ఆ తర్వాత గొంతు.

"నాలుగో నంబరూ, గేటుకాడ కూకున్నాను. అన్నం సల్లారిపోతంది, బేగి రా. ఓవర్."

"కాకా! కాకీమార్ గలా!" అని అరిచాడు నిమాయ్, పిన్ని గొంతేనని. అతనికి తెలుగు ముక్క రాదు. కానీ రోజూ వినే మా ఆవిడ గొంతు నాకంటే ముందు అతనే గుర్తుపట్టాడు.

నేను ఆ పాత డాక్ గేటు వైపు వెతకనే లేదు. దాన్ని రేకులు కొట్టి మూసేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడది లారీలు వెనక్కి తిరిగే జాగా. నిమాయ్ దుకాణం వదిలేసి నాతో ఆటో ఎక్కాడు.

సత్తెమ్మ మూసిన గేటుకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో క్యారేజీ. ఒక ట్రైలర్ ఆవిడ వైపే వెనక్కి వస్తోంది. నిమాయ్ దాని పక్క రేకుని దబదబా కొడుతూ పరిగెత్తాడు. నేను రెండు చంకలూ పట్టుకుని ఆవిణ్ణి లాగేశాను. చక్రం ఆగిన చోట ఆవిడ చెప్పొకటి నలిగి ఉంది.

"ఇంత ఆలీసమేటి? ఓడేటైనా వొచ్చిందా?" అంది నాతో, కోపంగా.

క్యారేజీ తీసి చూశాను. పచ్చి బియ్యం, పైన ఆవకాయ ముక్క.

ఆవిడ నడుమున సెట్టు తిప్పి చూశాను. వెనక ఖాళీ. బ్యాటరీకి తగిలే రాగి రేకులు రెండూ కనిపిస్తున్నాయి. నిమాయ్‌కి కూడా చూపించాను. ఇంటికొచ్చాక చూస్తే బ్యాటరీ నేను పెట్టినచోటే, ఛార్జరులోనే ఉంది.

ఆదివారం శిరీష వచ్చింది. దానికి బ్యాటరీ ఎక్కించిన సెట్టిచ్చి గేటు దగ్గర నిలబెట్టాను. నేను చాయ్ దుకాణం దగ్గర నిలబడ్డాను. ఎంత అరిచినా ఒక్క మాట అందలేదు. మధ్యలో అన్ని మేడలుంటే ఆ చిన్న సెట్టు సగం దూరం కూడా రాదు.

"అదే ఛానెల్‌లో ఇంకెవరో కలిసుంటారు తాతా" అంది.

కలుస్తారు. డాక్‌లో ఎన్నోసార్లు చూశాను. మరి కలకత్తాలో నన్ను నాలుగో నంబరూ అని పిలిచే ఇంకో ఆడమనిషి ఎవరమ్మా అన్నాను. అది వాళ్ళ అమ్మమ్మ వైపు తిరిగింది.

"అమ్మమ్మా, బ్యాటరీ లేదు కదా, ఎలా మాట్లాడావు?"

"మీట నొక్కినాను, మాటాడినాను. ఆయన ఇన్నాడు, వొచ్చినాడు. ఇంకేటి కావాల నీకు?" అంది సత్తెమ్మ.

రెండో బ్యాటరీ ఒకటి తెచ్చాను. ఒకటి ఛార్జింగులో ఉంటే ఒకటి ఆవిడ నడుముకి ఉంటుంది. దెయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను, పైగా మా ఆవిడ బతికే ఉంది. ఆ రోజు ఖాళీ సెట్టులోంచి ఆ మాట నా దాకా ఎలా వచ్చిందంటే మాత్రం, నాకు తెలియదు. ఈ రెండు మాటలూ రాయడం నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకి తెలుసు.