తెల్ల గీతల మీద నడక

ఆషాఢ బహుళ పంచమి, బుధవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. దంతెవాడలో అది మూడో రోజు వాన. గాలి లేదు, చినుకు నిలువుగా పడుతోంది. సత్రం హాలులోకి తడికాళ్లతో వెళ్లి, ఇచ్చిన కాగితం మీద సంతకం చేశాను.

బయటి ఊరి వైద్యులు పరిశోధన పేరిట శిబిరం పెట్టారు. ఒక బల్ల తుంటి కీలు అరిగి నడక చెడినవారికి, మరొకటి వేళ్లు నలిగినవారికి. తుంటి జాబితాకెక్కితే కీలు మార్పిడి ఉచితం. నాకు కావలసింది అదే. ఇంటి నుంచి బస్టాండుకు పూర్వం తొమ్మిది నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఇరవై ఆరు. గడియారం చూసి రాసుకున్న లెక్క అది.

పది మీటర్ల నల్ల రబ్బరు చాప పరిచారు. దాని మీద అర మీటరుకొకటి చొప్పున అడ్డంగా తెల్ల గీతలు.

"సీధా చలో, దాదా," అని తిన్నగా నడవమన్నాడు ఫోనుతో వీడియో తీసేవాడు.

నడిచాను. నడిచాక గాని చేసిన తప్పు తెలియలేదు. కిరండూల్ రైలు లైనులో ముప్పై ఒక్క ఏళ్లు పట్టాలు తనిఖీ చేసే కీమ్యానుగా, రోజూ పట్టాల కింద అడ్డంగా పరిచిన స్లీపరు మీంచి స్లీపరు మీదికి అడుగేసినవాణ్ణి. గీత కనబడగానే కాళ్లు నన్ను అడగకుండా దాని మీద పడ్డాయి. నొప్పికి పళ్లు బిగించాను. అడుగు మాత్రం తప్పలేదు.

కుర్ర డాక్టరు వీడియో చూశాడు. "ఏంది తాతా, రెండు కాళ్లు సమానం పడ్డయ్. తుంటికి ఏం గాలే."

"నేను నీకు తాతను కాను. ఆ గీతలు నా అడుగును దిద్దాయి. ఈ కొలత చెల్లదు."

"మంచిగ నడిచినందుకు గూడ లొల్లేనా?" అని నవ్వాడు.

నాతో వచ్చిన నా భార్య ముందుకొచ్చింది. "ఏటి బాబూ నవ్వుతావు? మూడు మెట్లెక్కాలంటే నా బుజం పట్టుకుంతాడు. ఆ సాప తిరగెయ్యి, తెలుస్తాది."

అతను కదల్లేదు. చాప ఆవిడే తిరగేసింది. గీతలు లేని వెనకవైపు నడిచాను. తడిపాదాల గుర్తులు స్పష్టంగా పడ్డాయి. జేబులోని టేపు తీసి కొలిచాను. ఎడమ అడుగు యాభై రెండు సెంటీమీటర్లు. ఎడమ కాలు బరువు మోయలేక తొందరగా దించిన కుడి అడుగు ముప్పై ఎనిమిది. తేడా పద్నాలుగు.

"రాసుకో," అన్నాను.

అతను చూసింది ఆ గుర్తులను కాదు, టేపు పట్టిన నా కుడి చేతిని. ఎప్పుడో పట్టాలెత్తే జాకీ జారి చూపుడువేలు, నడిమివేలు మొదటి కణుపు దాకా పోయాయి. "అరే, ఇది చూడున్రి!" అని రెండో బల్లవాళ్లను పిలిచాడు. అడగకుండానే నా చెయ్యి పట్టి అటూ ఇటూ తిప్పి నాలుగు ఫొటోలు తీశారు.

"రెండోసారి నడిచింది మా లెక్కల రాదు. నిన్ను వేళ్లల్ల రాస్తున్నం," అన్నాడు కుర్ర డాక్టరు.

"వేళ్లకు ఏం చేస్తారు?"

"చేసుడేం లేదు. చదువుకుంటం."

నా సంతకమున్న కాగితం వేళ్ల కట్టలో పెట్టాడు. నేను దాన్ని లాగి, అతని ముందే నాలుగు ముక్కలు చేశాను. నా చేతి ఫొటోలు నా కళ్లముందే చెరిపించాను. అది ముగిసేదాకా టేపు మడవలేదు.

శిబిరం మూసేటప్పుడు గోడకు అంటించిన జాబితాలను రెండుసార్లు లెక్కపెట్టాను. తుంటికి ఏడుగురు, వేళ్లకు పదకొండు మంది, మొత్తం పద్దెనిమిది. అందులో నేను లేను.